వదిన దొడ్లో నోటీసుకు కంచె

ఇకమీదట మా ఊళ్లో కంచె లేని దొడ్డి అంటూ ఒక్కటీ మిగలబోదని మా పురపాలక ఛైర్మన్ గారు మైకు ముందు మూడుసార్లు గొంతు సవరించుకుని ప్రకటించారు. పథకం పేరు 'ఇంటింటికీ రక్షణ వలయం'. పైలట్ ప్రాజెక్టుగా తొలి వలయం మా కుట్టుమిషన్ వదినకు దక్కింది. సభలో ఉన్న నలభై మందిమీ చప్పట్లు కొట్టాం. కుర్చీలు అద్దెకిచ్చినవాడు కూడా కొట్టాడు. అంతటి ప్రసంగం అది.

వదిన నాకు పెదనాన్న కోడలు. మాది ఎదురిల్లు. ఆవిడ దొడ్లో అత్తగారి కాలం నాటి చిక్కుడు విత్తనం ఉంది. గింజ ఊదారంగు. ఆ రకం చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా లేదు. కాయ పాదు మీదే ఎండితేగాని విత్తనానికి పనికిరాదు. ఈ ఏడు ఉన్న గింజలన్నీ వేస్తే మూడు పాదులు లేచాయి. ఇవి పోతే ఆ రకమే పోయినట్టు. వాటి మీదికి రోజూ ఉదయం పదింటికి, ఆఫీసుకు వచ్చినట్టు, ఒక మేక వస్తోంది. ఆఫీసువాళ్లకంటే అదే నయం, టైముకు వస్తుంది. నాలుగు కర్రలు పాతుకుందామంటే, రోడ్డు పక్క స్థలంలో అనుమతి లేనిదే గుంజ దిగకూడదట. అందుకని వదిన అర్జీ పెట్టుకుంది.

మేక ఛైర్మన్ గారిది. దాని మెడలో పార్టీ రంగు పట్టీ కూడా ఉంది.

మర్నాడే ఇంజనీరు టేపు పట్టుకుని దిగాడు.

"నష్టం చేస్తున్న జంతువేదండీ పిన్నిగారూ?"

"అదిగో నాయనా, నీ ఫైలు నాకుతోందే, అదే."

ఇంజనీరు మేకను చూశాడు. పట్టీని చూశాడు. 'గుర్తుతెలియని జీవి' అని రాసుకున్నాడు.

"మేక అని రాయొచ్చుగా," అన్నాను.

"ఓనరెవరో తేలకుండా జాతి రాయకూడదు పెద్దాయనా. ప్రొసీజర్."

కంచె ఎంత ఎత్తుండాలో తేలాలంటే ఆ జీవి ఎంత ఎత్తు ఎగురుతుందో కొలవాలి. అదిలించారు, బతిమాలారు, ఆకులు చూపించారు. మేక ఎగరలేదు. పని ఆగకూడదని ఇంజనీరే ప్యాంటు మడిచి ఎగిరాడు. రెండడుగుల ఐదంగుళాలు వచ్చింది. కంచె ఎత్తు మూడడుగులని ఖాయం చేశారు. ఉద్యోగధర్మం కోసం అంత ఎత్తుకు ఎదిగిన మనిషిని నా జన్మలో చూడలేదు.

ఇక నోటీసు. ఫలానా చోట కంచె వేయబోతున్నాం, అభ్యంతరాలుంటే చెప్పండి అని రాసి, ఆ స్థలంలోనే పదిహేను రోజులు వరసగా నిలబెట్టాలి. మధ్యలో ఒక్కరోజు లేకపోయినా లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు. దొడ్డి నడిమధ్య బల్ల పాతి, మైదా గంజితో నోటీసు అంటించి వెళ్లారు. సాయంత్రానికి మేక తినేసింది.

"ఏమయ్యా మరిదీ, ఇదేం విడ్డూరం?" అంది వదిన.

"అభ్యంతరం తెలియజేసింది వదినా," అన్నాను.

"నీ వేళాకోళం ఏట్లో కలవ. నా పాదులు పోతున్నాయయ్యా."

రెండో నోటీసు వచ్చింది, పోయింది. నెల తిరిగేసరికి మేక పదకొండు నోటీసులు ఆరగించి నిగనిగలాడింది. పన్నెండో దానికి గంజిలో వేపనూనె కలిపారు. మేక నోటీసు తిని, నోటి చేదు విరగడానికి ఒక పాదు మొత్తం నమిలింది. పదమూడో దానికి వేపనూనె రెట్టింపు చేశారు. రెండో పాదు పోయింది.

దాంతో ఛైర్మన్ గారు అత్యవసర సమావేశం పెట్టారు. బల్ల గుద్దితే గ్లాసులు ఎగిరాయి.

"ఇది కాగితం మీద దాడి కాదు, ప్రభుత్వం మీద దాడి."

నోటీసు ప్రభుత్వ ఆస్తి. ప్రభుత్వ ఆస్తిని కాపాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రెండు రోజుల్లో నాలుగు సిమెంటు స్తంభాలు, ఇనుప వల, తాళం అన్నీ వచ్చాయి. నోటీసు బల్ల చుట్టూ నాలుగడుగుల చదరంలో కంచె లేచింది. ఎంత ముచ్చటగా ఉందంటే, పక్క వీధివాళ్లు పిల్లల్ని ఎత్తుకొచ్చి చూపించారు.

"మరి నా పాదో బాబూ?" అని వదిన ఛైర్మన్ గారిని అడిగింది.

"తొందరపడకమ్మా. ముందు నోటీసు బతకాలి. నోటీసు బతికితే పాదు దానంతటదే బతుకుతుంది."

నోటీసు బతికింది. పదిహేను రోజులు చెక్కు చెదరలేదు. దాని జోలికి పోయే వీల్లేక మేక తన పూర్తి సమయాన్ని మూడో పాదుకే కేటాయించింది. ఊళ్లో ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు. పదహారో రోజు ఇంజనీరు వచ్చి, దొడ్డంతా కలయజూసి రాశాడు: 'ఈ ఆవరణలో ఇప్పటికే ఒక కంచె కలదు. ఇంటికి ఒకటే మంజూరు. పని పూర్తయినది.'

"పూర్తవడమేంటి నాయనా, పాదు బయటే ఉందిగా?"

"బయట ఉన్నవి మా పరిధిలోకి రావు పిన్నిగారూ."

వదిన లోపలికెళ్లి, మందపాటి జీన్సు గుడ్డ ముక్కతో ఒక చిన్న సంచి కుట్టుకొచ్చింది. మూడో పాదుకు మిగిలిన ఒకే ఒక్క కాయకు దాన్ని తొడిగి, మూతి బిగించి కట్టింది. మేక నాలుగు రోజులు ఆ సంచిని చప్పరించి, విసిగి వదిలేసింది. లోపల కాయ దాదాపు ఎండింది, ఇంకో రెండు రోజులు పాదు మీదుంటే విత్తనమే. వేలితో తడితే గింజలు గలగలమంటున్నాయి.

అయిదో రోజు ఛైర్మన్ గారు ఫోటోగ్రాఫరును వెంటబెట్టుకుని ప్రారంభోత్సవానికి విచ్చేశారు. రిబ్బను కత్తిరించారు. తాళం తీసి లోపలికెళ్లి నోటీసును పలకరించారు.

"సార్, వట్టి చేతులు బాలేదు. చేతిలో ఏదన్నా ఉంటే పథకం ఫలితం కనపడుతుంది," అన్నాడు ఫోటోగ్రాఫరు.

వదిన సంబరంగా సంచి మూతి విప్పింది. "ఇదిగో బాబూ, ఇదొక్కటే దక్కింది. దీని చుట్టూ అయినా కాస్త వల వేయించారంటే—"

ఛైర్మన్ గారు కాయను పుటుక్కున తెంపి ఎత్తి పట్టుకున్నారు.

"బ్రహ్మాండం సార్. తింటున్నట్టు ఒకటి."

ఛైర్మన్ గారికి నటన తెలియదు. ప్రజాజీవితంలో ఏ పని చేసినా నిజంగానే చేస్తారు. కాయ ఒలిచి, అయిదు గింజలూ నోట్లో వేసుకున్నారు.

"అది విత్తనం బాబూ," అంది వదిన.

ఆయన కళ్లు మూసుకుని, దవడ అటూ ఇటూ ఆడిస్తూ, తీరిగ్గా నమిలారు. కెమెరా నాలుగుసార్లు మెరిసింది. మింగి, మూతి తుడుచుకుని, పాదు వైపు చూశారు.

"బాగుందమ్మా. ఇంకోటుందా?"