బావగారి హుషారు చోరీ కేసు

“ఈ ఊళ్ళో నేరస్థులు ఇంకా హాయిగా నిద్రపోతున్నారంటే ఒక్కటే కారణం బావా. నేనింకా రంగంలోకి దిగలేదు.”

ఈ మాటలన్నది మా బావమరిది, తన దుకాణం మెట్ల మీద కూర్చుని. తాళాలు బాగుచేయడం వాడి వృత్తి, అపరాధ పరిశోధన వాడి పిచ్చి. తాళంచెవి లోపల మరిచిపోయి షట్టరుకి తాళం నొక్కేయడంతో ఆ పూట వాడికి బోలెడు తీరిక దొరికింది.

“నా తాళం సంగతి వదిలెయ్. నీ హుషారు ఎవరు కాజేశారో చెప్పు,” అన్నాడు.

నాకు యాభై దాటింది. కళ్ళజోళ్ళ షాపు నాది. ఏడాదిగా పొద్దున లేస్తూనే అలసట, అయినదానికీ కానిదానికీ చిరాకు. అద్దాలు బిగిస్తూ బిగిస్తూనే కునుకు తీస్తున్నాను. రక్తపరీక్షలో మగ హార్మోను, అదే టెస్టోస్టిరాన్, కాస్త తగ్గిందని తేలింది. ఇంజెక్షన్లు మొదలుపెట్టాలా వద్దా అన్నది సోమవారం డాక్టరమ్మతో తేల్చుకోవాలి. నిజం చెప్పొద్దూ, నాకు భయంగా ఉంది. ఇక మిగిలిన బతుకంతా ఇంతేనేమో అని.

“హార్మోను దానంతటది తగ్గదు బావా. పాలల్లో ఏదో కలుపుతున్నారు. అనుమానితురాలు మా అక్క.”

“నీ తోడబుట్టిందిరా.”

“చట్టానికి చుట్టరికాలుండవు. ఏడాదిగా పక్క గదిలో ఎందుకు పడుకుంటోంది? చెవుల్లో దూదెందుకు పెట్టుకుంటోంది? నీ ఆర్తనాదాలు వినలేకే. చూస్తూండు, నేరస్థుడు ఘటనాస్థలానికి తిరిగి రాక తప్పదు.”

దూది సంగతి నేనెప్పుడూ అడగలేదు. అడిగే ఓపిక లేదు.

ఆదివారం మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చాను. వాడు మంచం కింద దూరి ఉన్నాడని నాకు తెలియదు. తర్వాత జరిగింది వాడు చెప్పిందే. నా గురకకు మంచం కోళ్ళు కదిలాయట. ఉన్నట్టుండి గురక ఆగింది. దాంతోపాటు ఊపిరీ ఆగింది. వాడు చెవి రిక్కించి ఎంతసేపు విన్నా చప్పుడు లేదు.

“హత్య! ఎవరూ కదలొద్దు!” అంటూ, ఉన్నది మంచం కిందనే సంగతి మరిచి, వాడు ఒక్క ఉదుటున లేచాడు. వాడితోపాటు మంచమూ లేచింది. నేను నేల మీద పడి, అప్పుడు గట్టిగా ఊపిరి పీల్చాను.

మా ఆవిడ గరిటెతో పరుగెత్తుకొచ్చింది.

“మంచం కింద ఏం చేస్తున్నావురా?”

“నిన్ను పట్టుకుంటున్నానక్కా. ఆ దూదెందుకో ఒప్పుకో.”

“మీ బావ గురక భరించలేక.”

“గురక కాదు, మనిషికి ఊపిరే ఆగిపోయింది.”

మా ఆవిడ చేతిలో గరిటె కిందికి దిగింది. “చెవులు మూసుకుని పడుకున్నదాన్ని, నాకెలా తెలుస్తుందండీ,” అని కళ్ళొత్తుకుంది.

సోమవారం డాక్టరమ్మ అంతా విని ఇంజెక్షన్ల మాట పక్కన పెట్టింది. “నిద్రలో ఊపిరి ఆగిపోతుంటే హుషారెక్కడిదండీ? హార్మోను తగ్గడానికీ అదే కారణం కావచ్చు. ఇది చూసుకోకుండా ఇంజెక్షనిస్తే జబ్బు ఇంకా ముదరొచ్చు. ముందు నిద్ర పరీక్ష చేయిద్దాం.”

పరీక్షలో జబ్బు అదేనని తేలింది. పడుకునేటప్పుడు ముక్కుకి తొడుక్కునే గాలి మిషను ఇచ్చారు. కొన్ని వారాలకు అద్దాలు బిగిస్తూ కూనిరాగం తీస్తున్నానని షాపుకొచ్చినవాళ్ళు నవ్వారు. గురక కూడా పోయింది.

ఒక సాయంత్రం మా ఆవిడ దూది చెత్తబుట్టలో పారేసి, తన దిండు చంకన పెట్టుకుని మా గదిలోకి నడిచింది. హాల్లో కూర్చున్న బావమరిది మీసం దువ్వాడు.

“చెప్పానా బావా? నేరస్థుడు ఘటనాస్థలానికి తిరిగొస్తాడని.”

మా ఆవిడ దిండు వాడి మీదికి విసరబోయి ఆగింది. ఆ దిండుతో ఆమెకు లోపల పనుంది.