సుద్దముక్కతో గీసిన రేసు ట్రాకు

ఆ ఆదివారం ఉదయం అపార్టుమెంటు పార్కింగు స్థలంలో హాజరైనవారి వివరం, వచ్చిన వరుసలోనే: ముందుగా, ఇస్త్రీ మడత నలగని చొక్కాతో, చేత సుద్దముక్కతో, విశ్రాంత ఇంజనీరుగారు. ఆయన వెనుక, ముందురోజు వాదనను ఇంకా నెమరువేస్తూ, ఆయన బావమరిది, విశ్రాంత బ్యాంకు మేనేజరు. తరువాత, మెడలో స్టాప్‌వాచీ వేలాడేసుకుని, పై అంతస్తు హెడ్మాస్టారు. ఆ వెనుక, కాలికి పిండికట్టుతో, చంక కింద కర్రతో, ఇంజనీరుగారి కూతురు. వృత్తిరీత్యా పిల్లల డాక్టరు. చిట్టచివర, ఎవరూ పిలవకపోయినా, ఇంజనీరుగారి భార్య. ఆవిడ అప్పుడే వాకింగు నుంచి వచ్చింది. రెండు నెలలుగా ఆవిడ రోజూ వాకింగుకు వెళుతోంది. ఏ రోజూ చెమట చుక్కతో తిరిగి రాలేదు.

వాదన రెండు స్పోర్ట్స్ కార్ల గురించి. టీవీలో చూపిన ఎర్రకారు తేలికైనది, నేలను కరుచుకుని పోయేది. నల్లకారు ఎనిమిది వందల గుర్రాల బలం గలది. మలుపు మీద మలుపున్న రేసు ట్రాకులో ఏది నెగ్గుతుంది? బరువే శత్రువని ఇంజనీరుగారు, బలమే దైవమని బావమరిది. కూతురి కాలు విరిగిన నాటి నుంచి ఇంటి కారు ఎవరు నడపాలన్న తగవు కూడా ఈ ఇద్దరిదే. ఆమె విసిగిపోయి, కారు తాళం హెడ్మాస్టారి చేతిలో పెట్టింది.

"ఎవరి కారు గెలిస్తే తాళం వాళ్ళది. నన్ను హాస్పిటల్‌కి దింపే పని కూడా వాళ్ళదే. ఓడినవాళ్ళు ఇంక నోరెత్తకూడదు. సరేనా నాన్నా? సరేనా మావయ్యా?"

ఇంజనీరుగారికి అది తాళం మాత్రమే కాదు. ముప్ఫై ఏళ్ళు వంతెనలు కట్టిన మనిషిని పట్టుకుని, గేటుకు ఒక్కసారి కారు రాసుకున్న పాపానికి, 'నాన్నకి వయసైపోయింది' అన్నారు ఇంట్లోవాళ్ళు. ఆ మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది.

నమూనా కట్టి పరీక్షించనిదే ఏ సంగతినీ తేల్చడం ఆయన వృత్తిలో లేదు. చోటు కూడా కలిసివచ్చింది. పార్కింగులో కొత్త గీతలు వేయిస్తామని సొసైటీ సెక్రటరీ ప్రకటించినందున, అందరూ ముందురోజే కార్లు వీధిలో పెట్టుకున్నారు. పెయింటరు మాత్రం రాలేదు. ఇంజనీరుగారి పాత కారు ఒక్కటే, ఎవరు తీయాలో తేలక, గోడకు మూతి ఆనించి లోపలి మూలన నిలిచి ఉంది.

గేటు నుంచి ఆ మూల దాకా ఆయన సుద్దతో ట్రాకు గీశారు. తిన్నని దారి, పాము మెలికలు, చివర జడపిన్ను వంటి మలుపు. ప్రతి మలుపుకూ కాపలాగా ఒక పూలకుండీ. ఎర్రకారు స్థానంలో మొదటి అంతస్తు కోడలిపిల్ల వాళ్ళ అత్తగారినడిగి తెచ్చిన చంటిపిల్లల తోపుడుబండి, ఖాళీది. నల్లకారు స్థానంలో రెండు నీళ్ళ క్యాన్లు ఎక్కించిన సామాన్ల ట్రాలీ.

"బావా, ఇప్పటికైనా మించిపోయింది లేదు. ఒప్పేసుకో," అన్నాడు బావమరిది చేతులు చరుచుకుంటూ.

"మలుపు రానీవయ్యా. నీ గుర్రాలు గడ్డి తింటాయి."

హెడ్మాస్టారు ఈల వేశారు. తిన్నని దారిలో ట్రాలీ తుఫానులా దూసుకుపోయింది. మెలికల దగ్గర బావమరిది తిరిగాడు, ట్రాలీ తిరిగింది, క్యాన్లు మాత్రం తిరగలేదు. అవి తమ దారిన తాము పోయి పగిలాయి. ఇంజనీరుగారు విజయగర్వంతో ఆ తడిలోనే మలుపు తీశారు. తోపుడుబండి ఒక పక్క చక్రాల మీదికి లేచింది.

సరిగ్గా అప్పుడే మొదటి అంతస్తు కోడలిపిల్ల బాల్కనీలోకి వచ్చింది.

"అయ్యో నా బిడ్డ! ఎవరైనా పట్టుకోండి! తాతగారికి మతిపోయింది!"

బిడ్డ ఆమె భుజం మీదే నిద్రపోతున్నాడన్న సంగతి ఆమెకు తట్టేలోగా, అపార్టుమెంటంతా కిందికి దిగింది. ఇంజనీరుగారు బండిని వదిలేశారు. అది వెళ్ళి గోడకు తగిలి బోల్తా పడింది. దిగినవారిలో సెక్రటరీ ముందున్నాడు. ఆయన కళ్ళు బిడ్డను వెతకలేదు, నేల మీది గీతలను చూశాయి.

"చూశారా? గీతలు పడతాయన్నానా లేదా? నా మాటంటే మాటే! పట్టుకురండి కార్లు!"

"ఏవండీ, అవి పార్కింగు గీతలు కావు..." అని ఇంజనీరుగారు అంటూనే ఉన్నారు. కార్లు వచ్చేశాయి. ప్రతి వంపు లోపలా ఒక కారు దూరింది. జడపిన్ను మలుపు తనదంటే తనదని ఇద్దరు కొట్టుకున్నారు. చూస్తుండగానే గీతల నడుమ దారి తప్ప ఎక్కడా చోటు లేకుండా పోయింది. సుద్దతో గీసిన ట్రాకు నిజమైన ట్రాకయి కూర్చుంది. దాని కొసన, గోడవైపు తిరిగి, పాత కారు.

అప్పుడు కూతురి ఫోను మోగింది. మాట్లాడుతున్నంతసేపూ ఆమె ముఖంలో నవ్వు లేదు.

"నాన్నా, కారు తియ్యి. హాస్పిటల్లో ఒక పసిగుడ్డుకి ఊపిరందట్లేదట. ఇప్పుడే వెళ్ళాలి."

హెడ్మాస్టారు వెంటనే తాళమిచ్చారు. ఇంజనీరుగారు ఎక్కారు. వెనుక గేరు వేసి అద్దంలో చూశారు. కారు జానెడు కదిలి ఆగింది.

"రానీ, రానీ... ఆగాగు! కుండీ!" అని బావమరిది రెండు చేతులూ ఊపాడు.

"నువ్వు తియ్యగలవా?"

"బలానికేం బావా, చోటేది?"

ఇంజనీరుగారు మళ్ళీ అద్దంలోకి చూశారు. వంతెనలు కట్టిన చేతులు స్టీరింగును వదిలేశాయి. భార్య తలుపు తీసింది.

"దిగండి."

"నువ్వా?"

"ఒరేయ్ తమ్ముడూ, నువ్వా దోమలు తోలడం ఆపు. అమ్మాయిని ఎక్కించు."

"నీకు డ్రైవింగు ఎప్పుడొచ్చింది?"

"నేను వెళ్ళేది వాకింగుకి కాదండీ, డ్రైవింగ్ స్కూలుకి. లైసెన్సు కూడా వచ్చింది."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్తే మీరు నేర్పిస్తారని భయమేసింది."

పాత కారు వెనక్కి బయలుదేరింది. జడపిన్ను మలుపుకు ముందే ఆవిడ వేగం తగ్గించింది. మలుపులోకి దిగాక బ్రేకు ముట్టలేదు. పాము మెలికల్లో చక్రం చేతుల్లో జారి తిరిగింది. కొట్టుకుంటున్న ఇద్దరూ కొట్లాట మరచి పొట్టలు లోపలికి పీల్చుకున్నారు. ఒక్క కుండీ కదలలేదు. ఒక్క ఆకు రాలలేదు. ముప్ఫై ఏళ్ళు భర్త పక్క సీటులో కూర్చుని 'బ్రేకు, బ్రేకు' అన్న మనిషికి బ్రేకు ఎక్కడ వేయాలో తెలియడంలో వింత లేదు.

ఇంజనీరుగారు సెక్రటరీ భుజం పట్టి ఊపేశారు. "చూశారా! మలుపుకి ముందే బ్రేకు! మలుపులో కాదు! నిన్నట్నుంచీ నేను మొత్తుకునేది ఇదే. ఎవరనుకున్నారు? నా భార్య!" ఆ గొంతులో ఇప్పుడు ముల్లు లేదు. మరుక్షణం, చొక్కా మడత సంగతి మరచి, ఆయన గేటు వైపు పరుగెత్తారు.

కారు వెళ్ళిపోయాక హెడ్మాస్టారు స్టాప్‌వాచీ ఆపి, గొంతు సవరించుకుని, తడి నేల మీద సభ తీర్చారు. ఎర్రకారు గోడ పాలయింది. నల్లకారు నీటి పాలయింది. ఆనాడు ట్రాకును పూర్తి చేసిన ఏకైక వాహనం, అదీ వెనుక గేరులో, ఇంటి పాత కారు. కావున దానిని నడిపిన ఇల్లాలి నేర్పును, నిబ్బరాన్ని ఈ సభ సగౌరవంగా గుర్తిస్తున్నదనీ, తాళం ఇకపై ఆవిడదేననీ తీర్మానించారు. బావమరిది బలపరిచాడు.

ఇంజనీరుగారి సమ్మతి తీసుకోవడానికి మాత్రం వీలుపడలేదు. ఆయన అప్పటికే పక్క సీటులో కూర్చుని, "బ్రేకు, బ్రేకు" అంటూ వీధి మలుపు దాటిపోయారు.