మనసులో వాగు

రాష్ట్రంలోనే మొట్టమొదటిసారిగా, ప్రజల అర్జీలను ఇకపై కాగితం మీద కాకుండా నేరుగా వారి అచేతన మనసులోనే చదవబోతున్నామని మంత్రి దయాసాగర్ గారు ఆత్మకూరు దర్బారులో ప్రకటించారు. అర్జీదారులంతా చప్పట్లు కొట్టారు. చేతుల్లో కాగితాలుండటంతో చప్పుడు సరిగా రాలేదు.

రామనారాయణ కొట్టలేదు. ఉదయగిరి కొండ కింద పల్లె నుంచి ఐదో అర్జీతో వచ్చాడు. రెండేళ్ల కిందట భార్య రామసుబ్బమ్మను పాము కరిచిననాడు అంబులెన్స్ వాగుకు అవతల ఆగిపోయింది. ఆమె ఇవతల ఆగిపోయింది. ఇప్పుడు కోడలు రజితకు నెలలు నిండుతున్నాయి. ముసురు పట్టేలోపు వాగు మీద కల్వర్టు వేయాలి. అర్జీలో రాసింది అంతే.

అర్జీల బల్ల తీసేసి మడత మంచం వేశారు. మానసిక విశ్లేషణలో పెద్ద పట్టా ఉన్న డాక్టర్ శ్రీకృష్ణ, మంచానికి తలవైపు, మొహం కనబడకుండా కూర్చున్నారు. అది ఆ శాస్త్రంలో నియమమట. మొహం చూపించని ఆఫీసర్లు రామనారాయణకు కొత్త కాదు.

"నాకు జబ్బేం లేదయ్యా. కల్వర్టు లేదు."

"పడుకోండి పెద్దాయనా. నేనొక మాట అంటాను, వెంటనే తోచింది చెప్పండి. నీళ్లు?"

"వాగు."

"తల్లి?"

"పోయింది."

"భార్య?"

"వాగు."

డాక్టర్ చకచకా రాసుకున్నారు. "ప్రభుత్వం?"

రామనారాయణ పక్కన నిలబడ్డ ఆఫీసరమ్మ వైపు చూశాడు.

"ఏమీ తోచలేదా?"

"తోచింది. ఆడోళ్లు ఉండారు, బయటికి అనలేను."

"చూశారా, అణచివేత!" అని డాక్టర్ ఆ ఆఫీసరమ్మకు చూపించారు. తర్వాత ఎంతో ఓపికగా వివరించారు. మనిషి మనసుకు మూడు అంతస్తులు. అడుగున ఇడ్. అది కావాలి, కావాలి అంటుంది. నడుమ ఈగో. అది వచ్చిందే చాలంటుంది. పైన సూపర్ ఈగో. అది అడగడమే తప్పంటుంది. ప్రభుత్వ ప్రోత్సాహం మూడో అంతస్తుకే.

"భార్యను కాపాడుకోలేకపోయానన్న అపరాధభావమే మీలో వాగై పారుతోంది. వాగు ఊళ్లో లేదు. మీలో ఉంది."

"నాలో ఉంటే మా బర్రె ఎట్టా కొట్టుకపోయింది సార్?"

"బర్రె తల్లికి ప్రతీక."

"నేను ఒప్పుకోను."

"కాదనడమే జబ్బుకు గుర్తు. ఎంత గట్టిగా కాదంటే అంత నిజం."

"అట్టయితే సరే."

"ఒప్పుకున్నారుగా!"

అవునన్నా కాదన్నా పని పూర్తయ్యే ఆఫీసును రామనారాయణ జీవితంలో మొదటిసారి చూశాడు. బస్సు ఉదయగిరి చేరకముందే ఫోనుకు మెసేజ్ వచ్చింది. మీ అర్జీ పరిష్కరించబడింది.

నెల తిరక్కుండానే మంత్రిగారికి ఇంకో ఆలోచన వచ్చింది. వాగు నుంచి విముక్తి పొందిన తొలి పౌరుడిగా రామనారాయణను అతని ఊళ్లోనే సన్మానించాలి. తీరా ఆ రోజుకు ముసురు పట్టి వాగు పొంగింది. కార్లు దాటలేక వేదికను అవతలి గట్టునే వేశారు.

ఆ ఉదయమే రజితకు నొప్పులు మొదలయినాయి.

"నాయనా, ఫోన్ చేస్తే బండి వాగు దాటదంటున్నారు," అన్నాడు కొడుకు భరత్.

"మంత్రి కార్ల వెనక ఒక అంబులెన్స్ ఉంటాదిరా. మంచం ఎత్తండి."

రొమ్ము లోతు నీళ్లలో నలుగురు మగవాళ్లు మంచాన్ని నెత్తిన పెట్టుకుని దాటించారు. మంత్రిగారు చలించిపోయారు. "చూడండి, సన్మానానికి కుటుంబ సమేతంగా వచ్చారు!"

రజితను బండిలోకి ఎక్కించారు. డ్రైవర్ ముస్తాక్ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. "మంత్రి బండి మామా. సార్ చెప్పందే కదిలించకూడదు. నా ఉద్యోగం పోద్ది."

రామనారాయణ వేదిక ఎక్కి చేతులు జోడించాడు. "సార్, బండి పంపించండి. ఆలస్యమైతే దక్కదు."

మంత్రిగారు కఠినులు కారు. "తప్పకుండా పంపుదాం పెద్దాయనా. ముందు ఒక్క మాట. డాక్టర్ గారి శ్రమ వృథా కాకూడదు కదా." మైకు రామనారాయణ నోటి దగ్గర పెట్టారు. "ఇప్పుడు మీకు వాగు ఉందా?"

రామనారాయణ పంచె నుంచి నీళ్లు కారి వేదిక మీది తివాచీ తడిసింది. బండిలోంచి రజిత అరిచింది.

"లేదు సార్."

"ఎప్పుడైనా ఉండేదా?"

"అసలెప్పుడూ లేదు."

చప్పట్లు మోగాయి. మంత్రిగారు చెయ్యి ఊపారు. అంబులెన్స్ కదిలింది.

ఇవతలి గట్టున నిలబడ్డ ఊరికి ఆ మాట వినపడలేదు. నీళ్ల హోరు ఎక్కువగా ఉంది.