ముందు పరిచయాలు కానివ్వండి

ఆన్‌లైన్ వర్క్‌షాపులో పాఠం అనేది ఉండకూడదు! ఉంటే గింటే చివరి నాలుగు నిమిషాల్లో ఉండాలి. మిగతా సమయమంతా ప్రారంభానికే కేటాయించాలి. ఈ మాట చెబితే కొందరు ముక్కున వేలేసుకుంటారు. వేసుకోనివ్వండి. మూడేళ్లుగా నేను చేస్తున్న పని ఇదే. వర్క్‌షాపులు మొదలుపెట్టడంలో నన్ను మించినవాడు లేడని నేను అనడం కాదు, నా సర్టిఫికెట్టే అంటుంది. ఆ సర్టిఫికెట్టు కూడా ఓ ఆన్‌లైన్ వర్క్‌షాపులోనే సంపాదించాను. అందులోనూ మేం పరిచయాలు దాటి ముందుకు వెళ్లలేదు.

నమ్మకం కుదరడం లేదా? ఈ మధ్య జరిగిన సంగతి చెబుతాను, వినండి.

లిఫ్టులు బిగించే ఒక కంపెనీ వాళ్లు నన్ను పిలిచారు. కొత్త రకం లిఫ్టులు వచ్చాయట. కరెంటు పోయి లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపలివాళ్లను బయటికి ఎలా తేవాలో మెకానిక్కులకు నేర్పాలట. గంటన్నర సమయం, నలభై ఒక్కమంది మెకానిక్కులు. నేర్పడానికి వాళ్ల ఇంజనీరు గారు ఉన్నారు. మొదలుపెట్టడానికి నేను. ఎవరి పని వాళ్లది కదా.

ముందుగా "వినబడుతోందా?" అన్నాను. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఈ ఒక్క ప్రశ్నతో పన్నెండు నిమిషాలు లాగొచ్చు. వినబడినవాళ్లు వినబడుతోందంటారు. వినబడనివాళ్లు ఏమీ అనరు. ఏమీ అననివాళ్లను పేరుపేరునా పిలిచి, వినబడడం లేదా అని అడగాలి.

తర్వాత "ఇంకో రెండు నిమిషాలు చూద్దాం, మిగతావాళ్లు కూడా రానీండి" అన్నాను. వేళకి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, రానివాళ్లను గౌరవించడం మన పద్ధతి. ఆ రెండు నిమిషాలు పదకొండయ్యాయి. చివరికి ఇద్దరొచ్చారు. వాళ్ల కోసం మళ్లీ "వినబడుతోందా" నుంచి ఎత్తుకున్నాను.

ఇక నియమాలు. అందరూ మ్యూట్‌లో ఉండాలి. మ్యూట్ తీసే అధికారం నా ఒక్కడి చేతిలోనే ఉండాలి. ఇంతమంది నోళ్లు ఒక్క వేలితో మూయించడంలో ఉన్న సుఖం మీకు తెలియదు. మా ఇంట్లో నా మాట పిల్లి కూడా వినదు. అక్కడ దొరకనిది ఇక్కడ దొరికిందని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఆ తర్వాత అసలు ఘట్టం, పరిచయాలు. మీ పేరు, మీ గురించి ఎవరికీ తెలియని ఒక విషయం, మీరు జంతువైతే ఏ జంతువు. మొదటి మెకానిక్కు బాగా ఆలోచించి గాడిద అన్నాడు. ఎందుకని అడిగితే "బరువులు మోస్తాం కదండీ" అన్నాడు. రెండోవాడూ గాడిదే. ఏడోవాడి దాకా గాడిదలే నడిచాయి. ఎనిమిదో ఆయన దగ్గర వచ్చింది చిక్కు.

ఆయన అందరికంటే పెద్ద. తోటివాళ్లంతా బాబాయ్ అంటారు. చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, ఫోను పంచదార డబ్బాకి ఆనించి, ఎదురుగా నోట్‌బుక్కు తెరుచుకుని కూర్చున్నాడు. కాగితం మీద తేదీ వేసి, దాని కింద గీత గీశాడు. గీత కింద అప్పటిదాకా ఏమీ లేదు.

"నా గురించి ఎవరికీ తెలియంది ఏముంటుంది సార్," అన్నాడు. "నాకే తెలియంది ఒకటుంది. అడగమంటారా?"

అడగమన్నాను.

"పాత లిఫ్టులకి పైన మిషన్ రూము ఉంటుంది. కరెంటు పోతే పైకెక్కి, బ్రేకు వదిలి, చక్రం చేత్తో తిప్పి లిఫ్టును గుమ్మం దగ్గరికి తెస్తాం. కొత్తవాటికి పైన గదే లేదు. మరి బ్రేకు వదిలే మీట ఎక్కడ పెట్టారు సార్? పోయిన నెల పాత లిఫ్టులో నెలలు నిండిన అమ్మాయి ఇరుక్కుపోయింది. ఆరు నిమిషాల్లో దించాను. అదే కొత్తదాంట్లో అయ్యుంటే, నేను బయట నిలబడి ఆ పిల్లకి ఏం చెప్పాలి?"

ఆహా! ఎంత చక్కటి పరిచయం! కుతూహలం ఉన్న మనిషి, జాలిగుండె ఉన్న మనిషి. అందరినీ చప్పట్ల బొమ్మలు పెట్టమన్నాను. ముప్ఫై నాలుగు జతల పచ్చటి చేతులు తెర మీద ఎగిరాయి.

"మీట సంగతి సార్," అన్నాడు.

"మంచి ప్రశ్న. పార్కింగ్‌లో పెడదాం," అన్నాను. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, పార్కింగ్ అంటే తెర మూలన ఉండే ఒక పసుపు గడి. ఎవరైనా పనికొచ్చే ప్రశ్న అడిగితే దాన్ని ఆ గడిలో రాసి, చివర్లో చూద్దామని చెప్పి, చివర్లో చూడకూడదు.

"మరి జంతువు కూడా చెప్పాలా సార్?"

చెప్పాలన్నాను. ఆయన నోట్‌బుక్కు వైపు చూసుకుని, "గాడిదే రాసుకోండి, అందరితోపాటే," అన్నాడు.

ఇంజనీరు గారి వంతు వచ్చేసరికి నాలుగు నిమిషాలు మిగిలాయి. పాపం ఆయన అప్పటిదాకా కోటు వేసుకుని బిగుసుకుని కూర్చున్నారు. తెర మీద లిఫ్టు బొమ్మ పెట్టి, చేతులూపుతూ, ఎంతో శ్రద్ధగా చెప్పారు. ఏం చెప్పారో ఎవరికీ తెలియదు. ఆయన మ్యూట్‌లో ఉన్నారు. మెకానిక్కులంతా చెవుల దగ్గర చేతులు పెట్టి సైగలు చేస్తుంటే, ఎంత ఏకాగ్రతతో వింటున్నారో అని నేను మురిసిపోయాను. పెద్దాయన అయితే లేచి నిలబడి, నోట్‌బుక్కు కెమెరాకి అడ్డంగా పట్టుకున్నాడు. దాంట్లో పెద్ద అక్షరాలతో ‘మీట’ అని ఉంది. గ్రూప్ ఫొటోకి తయారవుతున్నాడనుకుని స్క్రీన్‌షాట్ తీశాను. అదిప్పుడు నా ప్రొఫైల్లో ఉంది.

ఫీడ్‌బ్యాక్ ఎంతొచ్చిందనుకున్నారు? ఐదుకి నాలుగు పాయింట్ ఎనిమిది! ఫీడ్‌బ్యాక్ నింపితేనే సర్టిఫికెట్టు, సర్టిఫికెట్టు ఉంటేనే డ్యూటీ అని కంపెనీ పెట్టిన నిబంధనకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ‘కొత్త లిఫ్టుల రక్షణ చర్యలలో పూర్తి శిక్షణ పొందినారు’ అన్న సర్టిఫికెట్టు అందరికీ వెళ్లింది. పెద్దాయనకీ వెళ్లింది.

కంపెనీ వాళ్లు ఉబ్బితబ్బిబ్బయి, రెండో విడత గురించి మాట్లాడదాం రమ్మన్నారు. నిన్న ఉదయం వెళ్లాను. ఆఫీసు ఐదో అంతస్తులో. కింద కొత్త లిఫ్టు, లోపల అద్దం, మెత్తటి సంగీతం. అద్దంలో నన్ను నేను చూసుకుంటూ, ఈసారి ప్రారంభాన్ని రెండు రోజులకు పెంచితే ఎలా ఉంటుందని ఆలోచిస్తున్నాను. మూడో అంతస్తు దాటాక సంగీతం ఆగింది. పెద్ద దీపం ఆరిపోయింది. లిఫ్టూ ఆగింది.

మీరు నవ్వుతున్నారని తెలుసు. నేనైతే నవ్వలేదు. ముందు బటన్లన్నీ నొక్కాను. తర్వాత తలుపు బాదాను. తర్వాత, దాచడం ఎందుకు, ఏడ్చినంత పని చేశాను. లోపల గాలికి లోటుండదని రాసిన చిన్న రేకు గోడ మీద బిగించి ఉంది. రాసినంత మాత్రాన గాలి ఆడుతుందా? సర్టిఫికెట్ల సంగతి నాకు తెలియదా?

పావుగంటకి తలుపు అవతల అడుగుల చప్పుడైంది. ఆ వెంటనే ఒక గొంతు.

"లోపలున్నవాళ్లకి వినబడుతోందా?"

అరక్షణంలో జవాబిచ్చాను. నా మూడేళ్ల అనుభవంలో ఆ ప్రశ్నకి అంత తొందరగా బదులిచ్చిన మనిషి లేడు. "వినబడుతోందండీ! బాగా వినబడుతోంది!"

"కంగారు పడకండి. ఒక్కరేనా? ఊపిరి బాగానే ఆడుతోందా? తలుపుకి దూరంగా జరగండి."

అంతే. పేరు అడగలేదు, జంతువు అడగలేదు. గొంతు మాత్రం నేను గుర్తుపట్టాను. నాకూ అప్పటికప్పుడు ఆయన బాబాయ్ అయిపోయాడు.

"బాబాయ్, మీరేనా? నేనండీ, వర్క్‌షాపు చేశానే, నేను."

"మీరా సార్," అన్నాడు. ఆ గొంతులో కొంచెం వెటకారం ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. లేదు. నా గురించి నిజంగానే బాధపడుతున్నాడు.

తలుపు సందుకి నోరు ఆనించి అడిగాను. "ఆ మీట ఎక్కడుంది బాబాయ్?"

"నేనూ ఆరోజు మిమ్మల్ని అడిగింది అదే కద సార్. పైనుంచి కింది దాకా గోడలన్నీ తడిమొచ్చాను. ఇంజనీరు గారు ఫోన్ తీయడం లేదు. ఇంటికి చేస్తే వాళ్లావిడ తీశారు. ఏదో ఆన్‌లైన్ వర్క్‌షాపట, గదిలో గడియ పెట్టుకున్నారట."

"తలుపు కొట్టమనండి!"

"కొట్టారట సార్. చెవుల్లో అవి పెట్టుకున్నారు, వినబడడం లేదట. ఎప్పటికి అవుతుందమ్మా అంటే, ఆవిడ తలుపుకి చెవి ఆనించి, ఆయన మాటలు విని చెప్పారు. ఇంకా పరిచయాలే నడుస్తున్నాయట."

తలుపు సందుకి మళ్లీ నోరు ఆనించాను. "ఎంతమంది ఉన్నారట?"

"అరవై మందట సార్."

అరవై మంది పరిచయాలకి ఎంతసేపు పడుతుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? బూట్లు విప్పి పక్కన పెట్టుకుని, నేల మీద కూర్చున్నాను.