చెరకుగడ ప్రత్యర్పణ మహాయాత్ర

వినుడు సహృదయులారా! పంతొమ్మిది వందల అరవై మూడవ వత్సరమున, మాఘమాస ప్రాతఃకాలమున, చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టము బోధన్ పట్టణముపై తీపి వాసనలు వెదజల్లుచుండగా, శతాధిక వృషభశకట వాహిని చెరకు పర్వతములను మోసికొని, కిర్రుకిర్రుమను రణభేరీ నాదములతో ఫ్యాక్టరీ దారిని ఆక్రమించినది.

ఆ దారినే సూచీహస్తుడు, కాజాకుట్టు కోవిదుడు అగు దర్జీ హన్మండ్లు తన ఏకైక పుత్రికతో దుకాణమునకు ఏగుచుండెను. ఆమె పేరు గంగుబాయి, వయస్సు ఐదేండ్లు, జడలు రెండు, అబద్ధములు సున్న. కొత్త అంగీ తొడుక్కున్న గిరాకీతో ఆయన "మస్తు కుదిరిందన్నా" అనుటయే ఆలస్యము, "సంకల పట్టేసింది గద బాపూ" అని ఆమె సత్యబాణము సంధించును. అట్లు ఇదివరకే ముగ్గురు గిరాకీలు నేలకూలిరి, అనగా పక్క దుకాణమునకు పోయిరి.

అయినను పుత్రికా వాత్సల్యము పొంగినది. హన్మండ్లు ఒక బండి వెనుకకు పిల్లివలె చేరి, ఒక గడను సర్రున గుంజి, మొదటి గణుపు తానే కొరికి రుచి చూచి, మిగిలినది బిడ్డకు చాచెను.

"అడిగినవా బాపూ?"

"ఆఁ, అడిగిన."

"ఎవలను?"

"బండాయనను."

"గాయన పండుకున్నడు గద!"

ఈ ఒక్క దెబ్బకు హన్మండ్లు కట్టిన అసత్యదుర్గము కుప్పకూలెను. "అందరు గుంజుకుంటరు బిడ్డా" అని ఆయన సంధిరాయబారము నడిపెను. గంగుబాయి దుమ్ములో చతికిలబడి, "వాపసియ్యి" అనెను. ఈ ముట్టడి అరగంట సాగినది. విసిగిన తండ్రి, అప్పుడు పోవుచున్న బండిపై గడను విసరబోయెను.

"గిది గా బండి కాదు. గా బండి ఎద్దుకు ఒక కొమ్ము లేదు."

ఇక యుద్ధమొక్కటే శరణ్యము! బిడ్డను భుజమున, గడను గదవలె చేత ధరించి, జారుచున్న ధోతిని మోచేత నొక్కిపట్టి, ఎడమకాలి చెప్పు వీరమరణము పొందినను వెనుదిరుగక, ఆ దర్జీకుల తిలకుడు బండి వెనుక బండిని దాటుచు ఉరికెను. పదేండ్ల తరువాత మిషను తొక్కుచు తలచుకొన్నను, ఈ ఘట్టము వద్ద ఆయనకు ఆయాసము వచ్చెడిది.

ఫ్యాక్టరీ గేటు ముందు ఏకశృంగ వృషభము దర్శనమిచ్చెను. బండి పైన పోశయ్య అను ముసలి సారథి నిద్రలేచి బీడీ ముట్టించుచుండెను. "ఓయి శకటసారథీ! నీ సొత్తును గైకొనుము!" అని గర్జింపదలచెను హన్మండ్లు. నోట వచ్చినది మాత్రము ఇది:

"అన్నా... నువ్వు పండుకున్నప్పుడు... ఒక గడ గుంజిన."

"కొరికింది సుత చెప్పు బాపూ."

"ఒక గణుపు కొరికిన సుత."

చుట్టునున్న బండ్లవారందరు ఘొల్లున నవ్విరి. దర్జీ చెవులు మోదుగుపూలైనవి.

"ఒక్క గడకు గింత దూరం ఉరికినవా!" అని పోశయ్య సయితము నవ్వి, "తీస్కపో బిడ్డా, నువ్వే తిను" అనెను.

"గిది నీదేనా తాతా?"

పోశయ్య బీడీ ఆర్పెను. "కాదు బిడ్డా. మా ఊరి పటేల్‌ది."

అంతట హన్మండ్లు ఆ గడను రెండు చేతుల బండిపై ప్రతిష్ఠించెను. మరుక్షణమే వెనుక బండి ఎద్దు మెడ చాచి, దానిని లాగి, కరకర నమలసాగెను.

"సూడు, సూడు! గది అడిగిందా మరి?" అని తండ్రి ఆక్రోశించెను.

"దానికి మాటలు రావు బాపూ. నీకొస్తయి గద."

హన్మండ్లుకు నవ్వాగలేదు, బిడ్డను దింపనూలేదు. ఇట్లు లక్షలాది గడల నడుమ ఒక్క గడ, ఒక గణుపు తక్కువై, రెప్పపాటు కాలము తన స్వస్థానమున విరాజిల్లెను. జయము! ఒంటిచెప్పు వీరుడు హన్మండ్లునకు దిగ్విజయము!