స్టేషన్ రాయి

"ముందు జనం రాయి విసిరితే తప్ప మా లాఠీ లేవదు. ఇది అహింసను నమ్మిన ప్రభుత్వం!" అని మంత్రిగారు ప్రకటించారు. మిల్లు వెనక వీధిని కూల్చి శాంతి భవనం కట్టించాలని ఆయన పట్టుదల. శంకుస్థాపన మర్నాడు పన్నెండు గంటలకు.

ఆ వీధిలోనే హెడ్ కానిస్టేబుల్ అక్క ఇల్లుంది. తల్లి పోయాక అతన్ని అక్కే ఆ ఇంట్లో పెంచి పెద్దచేసింది. దారులు బాగా తెలుసు కదా అని కూల్చివేత బందోబస్తు డ్యూటీ అతనికే వేశారు.

ఆ సాయంత్రం వీధి కుర్రాళ్లు రాళ్లతోనే బదులు చెబుదామన్నారు.

"వాళ్లక్కావల్సిందీ అదేరా," అంది అక్క.

"ఊరికే కూచుంటే మాత్రం కూల్చకుండా ఊరుకుంటారా అత్తా?"

అక్క లోపలికెళ్లి చీపురు తెచ్చింది. పొద్దున్నే అందరూ కలిసి వీధంతా ఊడ్చేశారు. గులకరాయి కూడా మిగల్లేదు.

పదింటికి ఇన్‌స్పెక్టర్ గారు బలగంతో దిగారు. బుద్ధిగా కూర్చున్న జనాన్ని చూసి దిగాలుపడ్డారు.

"ఎవరూ విసరడం లేదేమయ్యా?"

"రాళ్లు లేవు సార్," అన్నాడు హెడ్డు.

"ఇదెక్కడి చోద్యం! మన స్టేషన్ రాయి పట్రా."

స్టేషన్ రాయి సామాన్యమైనది కాదు. పందొమ్మిది కేసుల్లో సాక్ష్యంగా నిలబడింది. బీరువాలో దానికి సొంత అర ఉంది. సర్వీసులో హెడ్డుకన్నా ఆర్నెల్లు సీనియర్.

"మన ముందే పడెయ్. ఎవరికీ తగలకూడదు సుమా. హింస మన పద్ధతి కాదు," అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు.

హెడ్డు రాయి తెచ్చాడు. అది చేతిలోంచి జారి, దొర్లుకుంటూ పోయి ముందువరసలో ఉన్న అక్క కాళ్ల దగ్గర ఆగింది. అక్క దాన్ని తీసి, దుమ్ము దులిపి, లేచొచ్చి తమ్ముడి చేతికిచ్చింది.

"నీ రాయి పడిపోయిందిరా."

"చేతిలో రాయి! ఫొటో తియ్యండి!" అని ఇన్‌స్పెక్టర్ గారు పరవశించిపోయారు. లాఠీలు లేచాయి. శంకుస్థాపన అనుకున్న వేళకే జరిగింది.

ఆస్పత్రిలో అక్క చేతికి బేడీ వేసి మంచానికి తగిలించారు. తలకు పదిహేను కుట్లు.

"మనవాళ్లెవరూ రాయి తియ్యలేదుగా?" అనడిగింది.

"నువ్వే తీశావక్కా," అన్నాడు హెడ్డు.

వారం తిరక్కుండానే, సొంత అక్క దాడిని ధైర్యంగా ఎదుర్కొన్నందుకు హెడ్డుకు పతకం వచ్చింది. మంత్రిగారు వేదిక మీద పిన్ను గుచ్చబోయి ఆగారు.

"జేబిలా వేలాడుతోందేమిటయ్యా? అంత బరువేం పెట్టావ్?"

"మా అక్క ఇచ్చిందండి," అన్నాడు హెడ్డు.