వీధి మొగలో బోర్లించిన బకెట్

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే: పాపకు ఒంట్లో బాగోని రోజున ఇంట్లో నీళ్లు అయిపోవడం. మొగుడి పని కోసం ఈ వీధికి వచ్చి గది తీసుకున్నప్పటి నుంచీ ఆ భయం కూడా వాళ్లతోపాటే అద్దెకుంటోంది. వార్డు ఆఫీసు లెక్కలో ఈ వీధికి నలభై ఇళ్లు. ఆ ఇళ్ల మీద ఇళ్లు లేచి, ఇప్పుడు మూడు వందల గదులయ్యాయి. ట్యాంకరు మాత్రం అదే ఒక్కటి, రోజు విడిచి రోజు.

ఆ పొద్దున ట్యాంకరు రాని రోజు. పాపకు నిన్నటి నుంచి విరేచనాలు. ఇంట్లో ఉన్నది బిందెడు నీళ్లు. పొదుపుగా గడిపేద్దామనుకుని, పాచి పట్టిన బకెట్‌ను తోమి, గదిలోకి ఎండ రాదు కనుక వీధి మొగలో బోర్లించి వచ్చింది.

ఆ వీధిలో మొగ దగ్గర గిన్నె కనిపించినా సరే, క్యూ మొదలైందనే లెక్క. ఎదురింటి దర్జీ అక్క బకెట్‌ను చూసి, "ఊరికే పెడతారా ఎవరైనా" అనుకుంటూ రెండు బిందెలు తెచ్చి దాని వెనక పెట్టింది. ఆ బిందెలను చూసి ఇంకో పది వచ్చాయి.

పాపను జోకొట్టి కిటికీలోంచి చూసేసరికి వరస మలుపు తిరిగిపోయింది. ఆమె కిటికీలోంచే దర్జీ అక్కను కేకేసింది.

"అక్కా, ట్యాంకరొస్తోందా?"

"ఇంకా పైనే ఉన్నావా తల్లీ? వీధంతా దిగింది."

ఎలాగూ కొత్త నీళ్లొస్తున్నాయి కదా అని, ఉన్న బిందెడూ పాప బట్టలకు గుమ్మరించేసింది. ఖాళీ బిందెతో, పాపను చంకనేసుకుని పరుగున పోయి వరస చివర నిలబడింది. అప్పటికి ఆ చివర పెద్ద రోడ్డెక్కి బస్సును ఆపేసింది. గంటైనా ట్యాంకరు జాడ లేదు. ఆమె వార్డు ఆఫీసుకు ఫోన్ చేసింది.

"ఇవాళ మీకు లేదమ్మా" అన్నాడు గుమాస్తా.

"లేకపోతే ఇంతమంది ఎందుకు నిలబడతారండీ?"

"నాకూ అదే తెలీట్లేదు. మీది ముప్ఫయ్యో ఫోను. మీ వీధిలో ఉన్నవే నలభై ఇళ్లు కదా?"

"ఇళ్లు నలభయ్యేనండీ. ఒక్కో ఇంట్లో మేం నలభై మందిమి."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది. "చూస్తాను. ముందు అసలు ఎవరు మొదలుపెట్టారో కనుక్కోండి."

"ఎవరో పనీపాటా లేనివాళ్లు" అని తిట్టుకుంటూ ఆమె వరస మొదటికి నడిచింది. అక్కడ తెగిన పిడికి పాప పాత గౌను పీలిక కట్టిన బకెట్ కనిపించింది.

"ఎవరిదో తెలిసిందా?" అంది దర్జీ అక్క.

"ఎవరో... పాపం, ఎండకి పెట్టుకున్నట్టున్నారు."

అంతలో హారన్ మోగింది. ట్యాంకరు నిజంగానే వచ్చింది.

"వెనక వీధి బండిని ఇటు తిప్పమన్నారు" అన్నాడు డ్రైవరు. "ఈ మొదటి బకెట్ ఎవరిదమ్మా?"

ఆమె పాప ముఖం చూసింది. చెయ్యెత్తింది. "నాదే."

ఆ తర్వాత దర్జీ అక్క చాలాసేపు మాట్లాడలేదు. తన బిందెలు నిండాక మాట్లాడింది.

పాపకు నీళ్లు కాచి తాగించాక గానీ ఆమెకు వెనక వీధి గుర్తు రాలేదు. ఈ ఊరొచ్చిన కొత్తలో పాపకు స్నానం చేయించడం నేర్పిన పెద్దమ్మ అక్కడే ఉంటుంది, మూడో అంతస్తులో, ఒంటరిగా. పాప ఇప్పుడే నిద్రపోయింది, తల్లికి కదలడానికి లేదు. మీరు అటు వెళితే పెద్దమ్మ తలుపు తట్టి, నీళ్లున్నాయో లేదో ఒకసారి చూసి రండి. ఉత్త చేతులతో వెళ్లినా ఏమీ అనుకోదు. ఖాళీ బకెట్‌తో మాత్రం వెళ్లకండి.